అమ్మ బైండు చేయించిన సీరియల్స్‌ను ఏం చేయాలి?

ప్రశ్న: మాది తెనాలి. అమ్మ సంవత్సరీకాలు అయిపోయాయి. శ్రావణంలోగా ఇల్లు ఖాళీ చేసి కొన్నవారికి అప్పగించాలి. రెండు బీరువాల నిండా, అటక మీద మూడు ట్రంకు పెట్టెల నిండా పుస్తకాలున్నాయి. ఒక బీరువాలో నాన్నగారు కొన్న కావ్యాలు, పురాణాలు, అచ్చు నవలలు ఉన్నాయి, మిగిలినవన్నీ అమ్మవి. అమ్మ ఎనిమిదో తరగతి వరకే చదువుకుంది. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలను వారం వారం విడదీసి దాచి, కథ పూర్తయ్యాక బైండు చేయించేది. అలాంటివి నలభై ఒకటి లెక్క తేలాయి. సాయంత్రం వంటయ్యాక అరుగు మీద కూర్చుని మా నాయనమ్మకు, పక్కింటి పిన్నిగారికి పైకి చదివి వినిపించేది. అన్నయ్య మంచి పుస్తకాలు తను తీసుకుని, మిగిలినవి పాత కాగితాలవాళ్లకు వేసేద్దామంటున్నాడు. నేను కాలేజీలో తెలుగు పాఠం చెప్పి రిటైరయ్యాను. ఒకప్పుడు అమ్మ చదివే సీరియల్స్ అంటే నాకు చిన్నచూపు ఉండేది. ఇప్పుడు అవే వదలాలంటే చేతులు రావడం లేదు. నా కూతురికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం అంతంతమాత్రం. వీటిని ఉంచుకోవడం చాదస్తమా? ఉంచుకుంటే ఎలా కాపాడాలి? ఒక కట్ట మాత్రం బైండు చేయించకుండా పురికొసతో కట్టి ఉంది. అందులో చివరి భాగాలు లేవు. – ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో ‘మంచి పుస్తకాలు’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీ అన్నగారు ఆ మాటను ఏ అర్థంలో వాడారో తెలుస్తూనే ఉంది. పేరున్న కవి, గట్టి అట్ట, పది మంది మెచ్చిన గ్రంథం అని ఆయన ఉద్దేశం. అందులో తప్పేమీ లేదు. కాని ఇల్లు ఖాళీ చేసే వేళ మొదట అడగవలసిన ప్రశ్న, ఈ పుస్తకం మన చేయి దాటిపోతే మళ్లీ ఎక్కడైనా దొరుకుతుందా అన్నది. అలా అడిగితే మీ ఇంట్లో అన్నిటికన్నా ముందు కాపాడుకోవలసినవి మీ అమ్మగారి నలభై ఒక్క బైండ్లు, ఆ పురికొస కట్ట. మీ నాన్నగారి బీరువాలో ఉన్న కావ్యాల్లో చాలావాటికి వేరే ప్రతులు ఉన్నాయి. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ల వారి ముద్రణలు మొదలుకొని నిన్నమొన్నటి పునర్ముద్రణల వరకు వాటిని అచ్చు వేసినవారు, దాచినవారు, మళ్లీ వేసినవారు ఉన్నారు. వాటిని మీ అన్నగారు సంతోషంగా తీసుకువెళ్లనివ్వండి. ఆయన చేతిలో అవి భద్రంగా ఉంటాయి, మీ ఇద్దరి మధ్య మాట పట్టింపూ రాదు. అమ్మగారి బైండ్లకు మాత్రం రెండో ప్రతి లేదు. అదే సీరియల్‌ను మరో ఊళ్లో మరో ఇల్లాలు బైండు చేయించి ఉండవచ్చు గాని, అది మీ అమ్మగారి బైండు కాదు.

ఇది మమకారం కొద్దీ అంటున్న మాట కాదు, పుస్తకాల లెక్కలోనూ నిజమే. సీరియల్‌గా వచ్చిన నవల తరువాత పుస్తకంగా అచ్చయినప్పుడు తరచు కొంత మారిపోతుంది. వారం వారం పాఠకులను నిలబెట్టడానికి రాసిన మలుపులను రచయిత కత్తిరిస్తారు, ప్రకాశకులు పేజీల లెక్క చూసుకుని మరికొంత తగ్గిస్తారు. అన్నిటికన్నా ముందు పోయేవి బొమ్మలు. సీరియల్ మొదటి పేజీలో చిత్రకారుడు చేత్తో రాసిన శీర్షిక, దాని కింద ఆ వారం సన్నివేశానికి వేసిన బొమ్మ, పక్కన రెండు ముక్కల్లో ‘జరిగిన కథ’, అడుగున ‘సశేషం’, ఇవన్నీ కలిస్తేనే మీ అమ్మగారు చదివిన నవల. పుస్తకంగా వచ్చిన ప్రతిలో కథ మిగులుతుంది, ఈ సరంజామా మిగలదు. వారపత్రికలను గ్రంథాలయాలు దాచి ఉంటాయని అనుకుంటాం. నేను చూసిన శాఖా గ్రంథాలయాల్లో దినపత్రికలను, వారపత్రికలను కొంతకాలం బల్ల మీద ఉంచి, నలిగిపోయాక తూకానికి వేసేవారు. బైండు చేయించి ఉంచిన చోట్ల కూడా సీరియల్ పేజీలే చిరిగిపోయి ఉండడం నేను చాలాసార్లు చూశాను, ఎందుకంటే అందరి చేతులూ పడేది వాటి మీదే. ఆ కాలపు పాఠకుల అభిరుచి మీద ఎవరైనా పరిశోధన చేయదలిస్తే వారికి కావలసిన కాగితం మీ అటక మీదే ఉంది.

ఆ బైండ్లలో ఏదో ఒకటి తీసి, కథను పక్కన పెట్టి, పేజీల వెనక వైపు మాత్రం చూడండి. అమ్మగారు సీరియల్ పేజీలను విడదీసినప్పుడు వాటి వెనక ఏది ఉంటే అది తోడుగా వచ్చేసి ఉంటుంది. ఒక పంటి పొడి ప్రకటన, సగం వంటకం, ముగింపు లేని ఒక జోకు, కర్కాటకం దాకా వచ్చి ఆగిపోయిన వారఫలాలు, ఏ ఊళ్లో ఏ సినిమా ఎన్ని రోజులు ఆడిందో చెప్పే ప్రకటన, రేడియో కార్యక్రమాల వివరాలు కనిపిస్తాయి. ఇవేవీ ఎవరూ పనిగట్టుకుని దాచినవి కావు, అందుకే ఎక్కువగా పోయాయి. ఆంధ్రపత్రికను 1908లో ముంబైలో వారపత్రికగా స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు గారికి ఆ పత్రిక నడపడానికి కావలసిన బలం అమృతాంజనం వ్యాపారం నుంచి వచ్చిందని మనం చదువుకున్నాం. మన పత్రికల చరిత్రలో తలనొప్పి మందూ సాహిత్యమూ మొదటి నుంచీ ఒకే ఇంట్లో పెరిగాయి. అందువల్ల ప్రకటనను చెత్త అనీ, కథను సాహిత్యం అనీ విడదీసి చూడకండి. ఏ సబ్బు ప్రకటన వెనక ఏ కథానాయిక కన్నీళ్లు పెట్టుకుందో, ఆ రెండిటినీ మీ అమ్మగారు ఒకే మధ్యాహ్నం చదివారు.

అంచుల్లో చేతిరాత ఉందేమో కూడా చూడండి. నేను చూసిన ఇటువంటి బైండ్లలో పాలవాడి లెక్క, చాకలి పద్దు, పుట్టింటికి వెళ్లిన తేదీ, ‘ఈ వారం పత్రిక రాలేదు’ అన్న చిన్న చిన్న రాతలు కనిపించాయి. పుస్తకంలో రాయకూడదని మనం పిల్లలకు చెబుతాం. ఇంటి లెక్కలు రాసుకోవడానికి వేరే కాగితం లేని ఇల్లాలికి ఆ తెల్లటి అంచే డైరీ. అటువంటి పేజీ కనిపిస్తే దాన్ని మిగతావాటికన్నా ముందు ఫొటో తీయండి, పెన్సిలు రాతలైతే ఆలస్యం చేయవద్దు.

ఇక మీ చిన్నచూపు సంగతి. మీరు దాన్ని ఒప్పుకున్న తీరు నాకు ఎంతో గౌరవం కలిగించింది, కనుక దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. మీరు తెలుగు ఎం.ఏ. చదివే రోజుల్లో వారపత్రికల సీరియల్ చదివే ఆడవాళ్లంటే కాలేజీల్లో ఒక చిన్నచూపు ఉండేది. ఆ నవలల్లో ఎప్పుడూ పేదింటి అమ్మాయి, కారున్న అబ్బాయి, అపార్థం, చివరకు పెళ్లి అని విమర్శకులు రాసేవారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. చాలా సీరియల్స్ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవి, ఆ మాట దాచవలసిన పని లేదు. కాని ఆ విమర్శ రాసినవారిలో ఎక్కువమంది ఆ నవలలను వాటి పాఠకుల ఇళ్లలో కూర్చుని చూసినవారు కారు. 1960ల నుంచి రచయిత్రులు పెద్ద సంఖ్యలో సీరియల్స్ రాయడం మొదలుపెట్టాక, పత్రికల అమ్మకాలు వాటి మీద ఆధారపడ్డాయి, సినిమావాళ్లు ఆ నవలల హక్కుల కోసం వచ్చారు. ఆ రచయిత్రులు రాసింది ఎనిమిదో తరగతితో బడి మానిపించిన ఆడపిల్లలు చదవడానికి. బడి మానేసిన తరువాత కూడా మీ అమ్మగారి చదువు ఆగలేదంటే, ఆపకుండా నిలబెట్టింది ఆ సీరియల్సే. వారానికి ఎనిమిది పదేసి పేజీల చొప్పున నలభై ఒక్క నవలలు దాచారంటే, దాచకుండా చదివినవి అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. ఎం.ఏ. సిలబస్‌లో మనం చదివే పేజీలకన్నా ఆ పేజీలు ఎక్కువే అయి ఉంటాయి.

ఆ పత్రికల్లో కథలే కాక ఇంకేం ఉండేవో కూడా గుర్తు చేసుకోండి. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను 1952లో మొదలుపెట్టి నాలుగు దశాబ్దాలకు పైగా నడిపారు. ఊరగాయ నిలవ నుంచి కూతురి చదువు వరకు, అత్తింటి చిక్కుల నుంచి ఆరోగ్యం వరకు ఇంట్లో ఎవరినీ అడగలేని ప్రశ్నలు స్త్రీలు అక్కడికి రాసి పంపేవారు. ఈ రోజు మీరు నాకు ఉత్తరం రాశారు, నేను జవాబు రాస్తున్నాను. ఈ అలవాటు మన భాషలో బలపడింది అటువంటి పేజీల మీదే. మీ అమ్మగారి బైండ్లలో ఏదైనా పేజీ వెనక అటువంటి జవాబు సగమైనా దొరికితే ఆశ్చర్యం లేదు. దొరికితే చదివి చూడండి. ప్రశ్న ఎంత చిన్నదైనా, అడిగిన మనిషిని చిన్నబుచ్చకుండా చెప్పే పద్ధతి అందులో ఉంటుంది. నేను ఆ పద్ధతిని అక్కడే నేర్చుకున్నాను.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన వాక్యం అరుగు గురించి రాసినది. మీ అమ్మగారు చదివేవారు, చదువు రాని మీ నాయనమ్మగారు వినేవారు. అంటే ఆ నవల కళ్లతో చదివినది మాత్రమే కాదు, గొంతుతో చెప్పినది కూడా. భారతం పురాణ కాలక్షేపంగా విన్న తరం, అదే అరుగు మీద, అదే దీపం వెలుగులో, వారపత్రిక సీరియల్‌ను కూడా విన్నది. చదివే ఆమె ఏ మాట దగ్గర ఆగేదో, ఏ పాత్రను తిట్టేదో, పక్కింటి పిన్నిగారు ఏ మలుపు దగ్గర ‘అయ్యో’ అనేవారో మీకు గుర్తుండే ఉంటుంది. అది ఏ సాహిత్య చరిత్రలోనూ ఉండదు కనుక, గుర్తున్నంత వరకు మీరే ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఏ బైండు ఏ ఏడు చేయించారో, బైండరు ఏ వీధిలో ఉండేవాడో, ఎంత తీసుకునేవాడో కూడా రాయండి.

నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి. మా మేనత్తగారు ఇటువంటి బైండ్లే ముప్పై దాకా దాచారు. ఆమె పోయాక, ఇంట్లో చోటు లేదని, నాలుగు గోనె సంచుల్లో వాటిని నింపి ఒక గ్రంథాలయానికి ఇచ్చి వచ్చాను. రెండేళ్ల తరువాత వెళ్లి చూస్తే ఆ సంచులు మెట్ల కింద, కట్టు విప్పకుండా, వాన జల్లు పడే చోట ఉన్నాయి. కింది రెండు సంచుల్లోని పుస్తకాలు తడిసి, పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఇటుకల్లా గట్టిపడిపోయాయి. అక్కడి ఉద్యోగిని తప్పు పట్టలేకపోయాను. ఆయన ఒక్కడే ఉన్నాడు, నేను ఆయనకు జాబితా ఇవ్వలేదు, అవి ఏమిటో ఒక్క ముక్క రాసి ఇవ్వలేదు. సంచుల్లో వచ్చినవాటిని ఆయన పాత కాగితాలే అనుకున్నాడు. వాటిలో పదకొండు మాత్రం తిరిగి తెచ్చుకున్నాను. కుళ్లిన కాగితం వాసన ఇప్పటికీ నా ముక్కుకు గుర్తుంది. మీకు ఇంత పొడుగు జవాబు రాయడానికి కారణం అదే.

కాపాడే పద్ధతికి వస్తాను. వారపత్రికలు అచ్చయిన కాగితం చవక రకం. కలపను రుబ్బి చేసిన గుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం మిగిలిపోతుంది. వెలుతురు, గాలి తగిలినకొద్దీ కాగితం ముందు పసుపెక్కి, తరువాత గోధుమ రంగుకు తిరిగి, చివరకు మడత పెడితే అప్పడంలా విరిగిపోతుంది. మాస్కో నుంచి తెలుగులోకి అనువాదమై వచ్చిన పుస్తకాలు మీ నాన్నగారి బీరువాలో ఉంటే పక్కన పెట్టి చూడండి. మంచి కాగితం, దారంతో కుట్టిన భాగాలు ఉండడం వల్ల అవి ఇన్నేళ్లయినా ఎలా నిలిచాయో తెలుస్తుంది. పసుపెక్కిన కాగితాన్ని మళ్లీ తెల్లగా చేయడం ఇంట్లో అయ్యే పని కాదు, ఆ ప్రయత్నం వద్దు. ఎండలో ఆరబెట్టడం కూడా వద్దు. మన పెద్దవాళ్లు పుస్తకాలను ఎండలో వేసేవారు గాని, ఈ రకం కాగితానికి ఎండే పెద్ద శత్రువు. నీడలో, గాలి ఆడే గదిలో, దుప్పటి మీద నిలబెట్టి రెండు రోజులు ఉంచితే చాలు. తరువాత మెత్తటి పొడి గుడ్డతో అట్టలను, మెత్తటి కుంచెతో పేజీల అంచులను తుడవండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, అటక దుమ్ము మంచిది కాదు.

ప్రతి బైండునూ తెరిచి, కుట్టు దగ్గర చూడండి. పాత బైండర్లు మైదాతో కాచిన లై వాడేవారు. పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపేవారు. మీ అమ్మగారి బైండరు అది కలిపాడో లేదో పుస్తకమే చెబుతుంది. కలపకపోతే అట్ట లోపలి వైపు సన్నటి గీతల్లా కొరికిన గుర్తులు, వెండి రంగులో చురుకుగా జారిపోయే చిన్న పురుగులు కనిపిస్తాయి. వాటికి ఆ పిండి తీపి తిండి. పురుగు ఉన్న బైండును పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా కట్టి ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటకు తీశాక సంచి విప్పకుండా ఒక రోజంతా అలాగే వదిలేయాలి, లేకపోతే చల్లటి కాగితం మీద తేమ చేరుతుంది. ఆ తరువాతే విప్పండి. చెదలు కనిపిస్తే మాత్రం ఇది చాలదు, గోడకు, నేలకు మందు కొట్టించాల్సిందే. కొత్త చోట పుస్తకాలను గోడకు ఆనించకుండా, నేలకు జానెడు ఎత్తున ఉంచండి. కలరా ఉండలు గుప్పెళ్లతో వేయకండి. వాటి ఆవిరి మనుషులకూ, ముఖ్యంగా పసిపిల్లలకు, హాని చేస్తుంది. వేపాకు వాడదలిస్తే పూర్తిగా ఎండినదాన్ని పలుచటి గుడ్డ మూటలో కట్టి అరలో పెట్టండి, పేజీల మధ్య పెడితే మరక పడుతుంది.

చిరిగిన పేజీకి సెలోటేపు అంటించకండి. ఇది మీరు తప్పకుండా వినాలి. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం గోధుమ రంగు మరకగా కాగితంలోకి ఇంకిపోయి, ఆ చోట అక్షరం చదవడానికి లేకుండా చేస్తుంది. చిరిగిన పేజీని అలాగే, ఒక తెల్ల కాగితం మడతలో ఉంచడమే మేలు. పత్రికల పిన్నులు తుప్పు పట్టి ఉంటే గోటితో లాగకుండా, పిన్ను కాళ్లను వెనక నుంచి మెల్లగా నిటారు చేసి తీయాలి. అట్ట ఊడిపోయిన బైండును కొత్తగా బైండు చేయించాలన్న ఆరాటం కూడా వద్దు. బైండరు అంచులను సమం చేయడానికి మళ్లీ కోస్తాడు, ఆ కోతలో అంచు మీది అమ్మగారి రాత పోతుంది. ఊడిన అట్టను, పుస్తకాన్ని కలిపి వెడల్పాటి నూలు నాడాతో కట్టి ఉంచితే చాలు.

ఫొటోలు తీసే పని మీ కూతురికి అప్పగించండి. ఆమెకు చదవడం రాకపోయినా ఈ పని చక్కగా వస్తుంది. ఇటువంటి బైండ్లలో కుట్టు పక్క నుంచి పడడం వల్ల లోపలి అంచులోని అక్షరాలు కుట్టులోకి పోయి ఉంటాయి. ఆ అక్షరాల కోసం పుస్తకాన్ని బల్ల మీద బలవంతంగా పరిస్తే వెన్ను విరిగిపోతుంది. రెండు దిండ్లను లోయలా పెట్టి, వాటి మధ్య పుస్తకాన్ని సగం తెరిచి ఉంచి, ముందు కుడి పేజీలన్నీ, తరువాత ఎడమ పేజీలన్నీ తీయమనండి. కిటికీ వెలుతురు చాలు, ఫ్లాష్ వద్దు. పేజీల వెనక వైపు ప్రకటనలను కూడా వదలకుండా తీయమనండి. ఇంట్లో దాచుకోవడానికి, చదువుకోవడానికి ఇలా తీసుకోవచ్చు. అందరికీ అందేలా పెట్టాలంటే మాత్రం చట్టం చూసుకోవాలి. మన దేశంలో రచనల మీద హక్కు రచయిత జీవితకాలమంతా, మరణించిన తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. మీ అమ్మగారి సీరియల్స్ రాసినవారిలో చాలామంది మన కళ్లముందు పోయినవారే కనుక, ఆ నవలలను వారి కుటుంబాల అనుమతి లేకుండా బయట పెట్టడం న్యాయం కాదు.

మిగతా ట్రంకు పెట్టెల గురించి ఎక్కువ ఆలోచించవలసిన పని లేదు. చందమామలు ఉంటే బంధువుల పిల్లలకు పంచండి. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక పాత సంచికలను అభిమానులు ఎంతో శ్రమపడి కంప్యూటర్లోకి ఎక్కించారు కనుక అవి పోతాయన్న భయం తక్కువ. అద్దె పుస్తకాల కొట్లలో తిరిగిన జేబు నవలలను, డిటెక్టివ్ పుస్తకాలను తూకానికి వేయకుండా విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల వాళ్లకు చూపించండి. వాటి కోసం వెతికేవాళ్లు అక్కడికి వస్తారు.

ఇంట్లో అన్నీ ఉంచుకోలేకపోతే గ్రంథాలయానికి ఇవ్వవచ్చు. మీకు దగ్గరలోనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలైంది, 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత పత్రికల సంపుటాలకు దానికి పెద్ద పేరు, పరిశోధకులు వాటి కోసమే అక్కడికి వెళుతుంటారు. హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఎక్కడికైనా సరే, నేను చేసినట్టు సంచులు మోసుకువెళ్లకండి. ముందు ప్రతి బైండుకూ పత్రిక పేరు, సీరియల్ పేరు, మొదటి సంచిక తేదీ, చివరి సంచిక తేదీ, ఎన్ని వారాలు, ఏ వారం లేదు అన్న వివరాలతో జాబితా రాయండి. దాన్ని ఉత్తరంతో పంపి, ఇవి మీ దగ్గర ఉన్నాయా, కావాలా, ఏ గదిలో ఉంచుతారు, ఎవరు చూస్తారు అని అడగండి. జవాబు రాసిన చోటికే ఇవ్వండి. చేతిరాతలున్న బైండ్లను మాత్రం ఎవరికీ ఇవ్వకండి, వాటి ఫొటోలు ఇస్తే సరిపోతుంది.

మీ కూతురి విషయంలో మీకు ఒక దిగులు ఉంది, ఉత్తరంలో ఒక్క వాక్యంలోనే రాసినా అది కనిపిస్తూనే ఉంది. చదవడం రాని బిడ్డకు నలభై ఒక్క బైండ్లు ఎందుకన్నది మీ సందేహం. మీ నాయనమ్మగారికీ చదవడం రాదు, అయినా ఆ నవలలన్నీ ఆమెకు తెలుసు. కనుక మీరు ఒక బైండు ఎంచుకుని, మొదటి వారం భాగాన్ని మీ గొంతుతో పైకి చదివి ఫోనులో రికార్డు చేయండి. పాఠం చెప్పే గొంతుతో కాకుండా, అరుగు మీద అమ్మగారు చదివినట్టు చదవండి. మధ్యలో ఆగి, ఇక్కడ మీ అమ్మమ్మ ఇలా అనేది అని చెప్పండి. వారానికి ఒక భాగం, అప్పట్లో పత్రిక వచ్చినట్టే, మీ అమ్మాయికి పంపించండి. రెండో వారం రాక ముందే ఆమె తరువాత ఏమైందని అడిగితే, చెప్పకండి. మీ అమ్మగారు కూడా వారం రోజులు ఎదురుచూశారు కదా.

పురికొస కట్ట గురించి చివరకు మిగిల్చాను, ఎందుకంటే దానికి నా దగ్గర ఒక్కటే జవాబు లేదు. చివరి భాగాలు లేకపోవడానికి ఎన్నో కారణాలు ఉండవచ్చు. పత్రిక మానేసి ఉండవచ్చు, ఎవరికో చదవడానికిచ్చి తిరిగి రాకపోయి ఉండవచ్చు, ఆ వారాల్లో ఇంట్లో పురుడో జబ్బో చావో వచ్చి ఉండవచ్చు. చివరి సంచిక తేదీ చూసి, ఆ నెలలో మీ ఇంట్లో ఏం జరిగిందో అన్నగారిని అడగండి, ఆయనకు గుర్తుండవచ్చు. మిగిలిన భాగాలు చదవాలనిపిస్తే ఆ తేదీలు రాసుకుని వేటపాలెం వెళ్లి వెతికించండి. దొరికితే నకలు తీయించుకుని, చదివి, విడిగా ఒక కవరులో పెట్టండి. కట్టలో కలపవద్దు, ఆ కట్టను బైండు కూడా చేయించవద్దు. అమ్మగారు ఎక్కడ ఆగారో అది అక్కడే ఆగి ఉండాలని నా కోరిక. పురికొస మాత్రం కాగితం అంచులను కోసేస్తుంది కనుక దాన్ని తీసి నాడా కట్టవలసిందే. తీసేటప్పుడు కత్తెర వేయకుండా, కాస్త ఆలస్యమైనా, ముడి విప్పండి. అది ఆమె వేసిన ముడి.